గడప దాటితే మారిన ఊదారంగు

మూడో తేదీ

ప్రియమైన మీకు,

ముందుగా నా రాతని క్షమించాలి. అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. ఒత్తులు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తియ్యాలో ఇప్పటికీ తికమకే. అక్షరాలు గీత మీద నిలబడవు, చీమల బారులా కిందకి జారిపోతాయి. మీరు నవ్వుకోండి గాని ఇంకెవరికీ చూపించకండి. ఇన్నాళ్లూ అత్తయ్య చెబుతుంటే మీకు ఉత్తరాలు రాసింది నేనే అయినా, అవి ఆవిడ మాటలు. నా మాటలుగా రాయడం ఇదే మొదలు. 'ప్రియమైన' అన్న ఒక్క మాటకే పావుగంట పట్టింది.

మీ ఉత్తరమూ అందులోని కాగితం ముక్కలూ అందాయి. "ఏం రాశాడే?" అని అత్తయ్య అడిగితే మొదటి పేజీ చదివి వినిపించాను. రెండో పేజీ చదవలేదు. నేను మటుకు చదువుకున్నాను.

ఎరుపూ ఆకుపచ్చా మీ కళ్లకి ఒకే మట్టిరంగుగా కనిపిస్తున్నాయని రాశారు. పోయిన ఏడు ఊపిరితిత్తుల జబ్బుకి వాడిన మాత్రల వల్లేనని డాక్టరు చెప్పారని, అవి ఆపేసినా చూపు వెనక్కి రాలేదని రాశారు. పెట్టెలు అచ్చేసే ప్రెస్సులో మీ ఉద్యోగమే రంగులు సరిచూడటం. ఈ సంగతి తెలిస్తే ఆ పూటే పంపేస్తారు, ఇంకే ప్రెస్సూ గడప ఎక్కనివ్వదు. కన్నతల్లికి చెప్పని మాట నాకు చెప్పారు. భయంతో పాటు నాకు కాస్త గర్వంగా కూడా ఉంది. తప్పయితే మన్నించండి.

మీరు చెప్పినట్టే చేశాను. పొద్దున్న తొమ్మిదింటికి, వీధి కిటికీ దగ్గర, తెల్లకాగితం పరిచి, దానిమీద పాత బిస్కెట్ పెట్టె ముక్క పెట్టి, మీరు పంపిన నాలుగు మచ్చు ముక్కలూ ఒక్కొక్కటే దాని పక్కకి జరిపాను. మొదటిది మరీ పండిన టమాటా. రెండోది ఇటుకపొడి. నాలుగోది ఎండలో ఆరేసి మరిచిపోయిన గుడ్డలా వెలిసి ఉంది. మూడోదాన్ని అంచుకి అంచు ఆనిస్తే మధ్యలో అతుకు కనిపించలేదు. దాని వెనక నంబరు 418. మూడుసార్లు చూశాను. కళ్లు మూసుకుని తెరిచి మళ్లీ చూశాను.

నోట్లో నాలుక లేని పిల్ల అని అందరిచేతా అనిపించుకున్నదాన్ని నేను. నా మాట మీద ఎక్కడో మిషను తిరుగుతుందంటే నాకే నమ్మకం కుదరడం లేదు. అయినా మీరు అడిగితే కాదంటానా?

మిగతా మందులు మానకండి. వేళకి తినండి. ఈ ఉత్తరం చదివిన వెంటనే కాల్చెయ్యండి.

మీ
మూగమ్మ (మీరు పెట్టిన పేరే)

*

తొమ్మిదో తేదీ

ప్రియమైన మూగమ్మకు,

నువ్వు చెప్పిన నంబరు సరిగ్గా సరిపోయింది. మా మేనేజరు భూతద్దం పెట్టి చూసి, "నీవి డేగ కళ్లయ్యా" అన్నాడు. ఆ డేగ అక్కడ పెరట్లో కూర్చుని గిన్నెలు తోముతోందని ఆయనకేం తెలుసు!

ఇదంతా ఎందుకని నీకు అడగాలని ఉంటుంది, అడగవు. నేనే చెబుతాను. పాత పెట్టెలన్నీ ప్రాసెస్ రంగుల్లో వేసినవి. అంటే నీలి, గులాబి, పసుపు, నలుపు, ఈ నాలుగే ఇంకులు. ఊదా కావాలంటే ఊదా ఇంకు ఉండదు. నీలి చుక్కలూ గులాబి చుక్కలూ పక్కపక్కనే కొడితే కన్నే వాటిని కలుపుకుని ఊదా అనుకుంటుంది. ఒకరోజు మిషను నీలం కాస్త ఎక్కువ తాగిందనుకో, పెట్టె పెట్టెకీ రంగు మారిపోతుంది. మందుల కంపెనీలకి అది పనికిరాదు. అందుకని ఇప్పుడు పెట్టె మీది ఒక్కో పట్టీకి ఒక్కో స్పాట్ రంగు వేస్తున్నాం. అది ముందే కలిపి డబ్బాలో పోసి నంబరు వేసిన ఇంకు. చుక్కలుండవు, గోడకి సున్నం కొట్టినట్టు నిండుగా పడుతుంది. పాత చుక్కల రంగుకి ఈ డబ్బాల్లో ఏది జోడీ అని అడిగితే కంప్యూటరు నాలుగు నంబర్లు చెబుతుంది. అది పెళ్లిళ్ల పేరయ్య లాంటిది. సంబంధాలు చెబుతుంది గాని కాపురం సంగతి దానికి తెలీదు. ఆఖరికి చూడాల్సింది మనిషి కన్నే.

ఇక్కడ ఇంకులు కలిపే ముసలాయన ఒకాయన ఉన్నాడు. అందరూ రంగుల తాత అంటారు. వెనకా ముందూ ఎవరూ లేరు, ఇంకు గదే ఇల్లు. నిన్న నన్ను ఆపి, "ఏం మనవడా, ఈ మధ్య నంబరు చెప్పడానికి వారం తీసుకుంటున్నావు, ముహూర్తాలు చూస్తున్నావా?" అన్నాడు. నవ్వేశాను. ఆయన నవ్వలేదు, నా కళ్లలోకి చూశాడు.

ఈసారి పంపుతున్నది మందు పెట్టె. జాగ్రత్తగా విను. ఇది మూర్ఛలకి వాడే చుక్కల మందు. పసిపిల్లలదానికి నీలం పట్టీ. పెద్దవాళ్లదానికి ఊదా పట్టీ, అది పదిరెట్లు గట్టిది. సీసాలు ఒకటే, పేరు ఒకటే, కింద అంకె ఒక్కటే తేడా. చదువు రాని తల్లులకి ఆ పట్టీయే అక్షరం. నీలం సంగతి నా చూపు బాగున్నప్పుడే తేలిపోయింది, దాని ముక్క కూడా పెడుతున్నాను. నువ్వు చూడాల్సింది ఊదా. నాకిప్పుడు ఈ రెండు పెట్టెలూ నీలమే.

ఎప్పటిలాగే పగటి వెలుతురులో చూడు, బల్బు కింద వద్దు. ఆ పసుపు వెలుతురులో రెండు రంగులు కవలపిల్లల్లా కనిపిస్తాయి. బయటికి తెస్తే ఒకదానికొకటి ముక్కూ మొహం తెలియనట్టుంటాయి.

వీధి చివర కొట్లో ఫోను ఉంది కదా అనుకోకు. ఆ కొట్టతనికి నాలుగు చెవులు. ఉత్తరాలే నయం. నువ్వు చెప్పినట్టే నీ ఉత్తరం కాల్చేశాను. బూడిదని చూస్తే ఏదోలా అనిపించింది.

నీ
గుడ్డి డేగ

*

పద్నాలుగో తేదీ

ప్రియమైన మీకు,

రాతలో తప్పులుంటే సర్దుకు చదువుకోండి. ఈసారి అక్షరాలతో పాటు మనసు కూడా వంకరగానే ఉంది.

మొన్న పొద్దున్న కిటికీ దగ్గర మీ ముక్కలు పరుచుకున్నాను. వెనకనించి అత్తయ్య వచ్చారు. గబుక్కున కాగితం కింద దాచేశాను.

"రోజూ ఇదే వేళకి ఆ కిటికీ దగ్గర ఏం పనే నీకు?"

"ఏం లేదత్తయ్యా. గాలికి."

"గాలి పెరటి వైపు రాదా? మొగుడు ఊళ్లో లేని పిల్లవి. వీధిలో పోయేవాళ్లకి కళ్లుంటాయి, నోళ్లూ ఉంటాయి. ఎవరికి కనబడాలని నిలబడుతున్నావు?"

ఎవరికీ కనబడకూడదనే పుట్టినప్పటినించీ గోడవారగా నడిచినదాన్ని. ఆ మాటకి ఒళ్లంతా చీరినట్టయింది. అలాగని నిజం చెప్పగలనా? మీ కళ్ల సంగతి ఆవిడకి తెలిస్తే ఇంక నిద్రపోతారా? మర్నాటినించి కిటికీ పక్కన కుర్చీ వేసుకుని ఆవిడే కూర్చుంటున్నారు. ఆవిడ మంచివారే, మీకు తెలుసు. కాలికి చెప్పు కరిస్తే కొబ్బరినూనె రాసేదీ ఆవిడే. కాని మాట మాటే.

నేనిప్పుడు కిటికీ దగ్గరికి పోవడం మానేశాను. మీ పని మానలేదు. ఎవరి కంటా పడకుండా చూశాను, మీరు బెంగపడకండి. పాత పెట్టె మీది ఊదా వంకాయ తొక్క రంగు. మీరు పంపిన నాలుగింటిలో ఒకటి మరీ గులాబి, ఒకటి మసిబట్టింది, ఒకటి పలచన. మిగిలిన దాన్ని పక్కన ఆనిస్తే ఎక్కడ ఇది ఆగి ఎక్కడ అది మొదలయిందో తెలియలేదు. నంబరు 526.

రంగుల తాతగారు నిజంగా మీ కళ్లలోకి చూశారా? ఆయనకేమయినా తెలిసిందంటారా?

ఉత్తరం కాల్చడం మరవకండి.

మీ
మూగమ్మ

*

పంతొమ్మిదో తేదీ

ప్రియమైన మూగమ్మకు,

526 ఖాయమయింది. మచ్చు అచ్చు కంపెనీకి పంపితే సంతకం పెట్టి పంపేశారు. ప్లేట్లు తయారయ్యాయి. ఇరవై నాలుగునించి మిషను మీదికి ఎక్కుతుంది. పెట్టెలు మడిచి, కట్టలు కట్టి, వచ్చే నెల అయిదున లారీ ఎక్కిస్తారు.

రంగుల తాత మటుకు సణుగుతున్నాడు. మొదటి డబ్బా కలిపి, కాగితం మీద వేలితో పూసి, ఇంకు గది గడపలో నిలబడి లోపలికోసారి బయటికోసారి ఊపుతూ, "మనవడా, ఇది గడప దాటితే రంగు మారుస్తోందిరా. లోపల ఊదా, బయట నీలం. ఊసరవెల్లి ఇంకు. నువ్వు చూసే చెప్పావా?" అన్నాడు. చూసే చెప్పానన్నాను. "చీటీ మీద ఏ నంబరుంటే అది కలపడం నీ పని తాతా, ఏరడం నా పని" అన్నాను కాస్త గట్టిగా. పదిమందీ విన్నారు. తర్వాత సిగ్గేసింది. నాకేం కనబడిందని? ఆయన చేతిలోది లోపలా నీలమే, బయటా నీలమే. కాని నీ కన్ను మీద నాకు నమ్మకం. నువ్వు కిటికీ దగ్గర చూసే చెప్పి ఉంటావు.

అమ్మ మాటలు పట్టించుకోకు. సెలవు దొరికితే వచ్చి నేనే చెబుతాను.

నీ
గుడ్డి డేగ

*

నాలుగో తేదీ

ప్రియమైన మీకు,

ఇరవై మూడో తేదీన ఒక ఉత్తరం వేశాను. జవాబు లేదు. అందిందో లేదో తెలియదు. అందకపోతే ఇదైనా అందాలని, అందులో ముఖ్యమైన మాట మళ్లీ రాస్తున్నాను.

526 నేను కిటికీ దగ్గర చూసి చెప్పింది కాదు. అత్తయ్య మాటకి భయపడి కొట్టుగదిలో తలుపేసుకుని బల్బు కింద చూశాను. వద్దని మీరు రాశారు. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను. మీకు చెప్పకుండా దాచాను. రంగుల తాతగారు గడపలో నిలబడి అన్న మాట మీ ఉత్తరంలో చదవగానే ముక్కలు తీసుకుని కిటికీ దగ్గరికి పరిగెత్తాను. తాతగారు చెప్పిందే నిజం. పాత పెట్టె ముక్క వెలుతురులోనూ ఊదాగానే ఉంది. 526 నీలమయిపోయింది. పసిపిల్లల పట్టీ పక్కన పెడితే ఏది ఏదో నాకే తెలియలేదు. లారీ ఎక్కనివ్వకండి. మీకు దండం పెడతాను, ఎక్కనివ్వకండి.

ఇవాళ కొట్టుకి వెళ్లి ప్రెస్సుకి ఫోను చేశాను. మీరు ఎత్తుతారనుకున్నాను. "ఎవరండీ?" అంది మేనేజరుగారి గొంతు. కొట్టతను తక్కెడ ఆపి నా వైపే చూస్తున్నాడు. "హలో, ఎవరూ?" అన్నారు మళ్లీ. నా గొంతు పెగల్లేదు. "మాట్లాడరేం?" అన్నారు. పెట్టేశాను. మళ్లీ చేద్దామని వేలు పెట్టాను, తిప్పలేకపోయాను. ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. లారీ రేపేనని తెలుసు. ఇది రేపటికి చేరదనీ తెలుసు. అయినా రాస్తున్నాను.

మీరు ముందే ఆపేశారని, పని తొందరలో నాకు రాయలేదని అనుకుంటున్నాను. అంతే అయి ఉండాలి.

కాల్చెయ్యండి.

మీ
మూగమ్మ

*

ఇరవయ్యో తేదీ

ప్రియమైన మూగమ్మకు,

ఇది అమ్మకి చదివి వినిపించకు. తలుపు వేసుకుని చదువు.

నీ ఇరవై మూడో తేదీ ఉత్తరం నాకు అందలేదు. దారిలో ఎక్కడో పోయి ఉంటుంది. అందితే నేను ఆ లారీని గేటు దాటనిచ్చేవాణ్నా? నువ్వే చెప్పు. నాలుగో తేదీది నాకు ఏడున అందింది. లారీ అయిదునే వెళ్లిపోయింది. చేజారిపోయాక ఏం చెయ్యను? చెబుదామనుకున్నాను. రేపు, రేపు అనుకుంటూ ఉన్నాను.

పద్నాలుగో తేదీన నాలుగేళ్ల పిల్ల చనిపోయింది. తల్లి బట్టలు ఇస్త్రీ చేస్తుందిట. పిల్లకి మూర్ఛలు. మందు అయిపోతే ఎప్పుడూ వెళ్లే షాపుకే వెళ్లి, "నీలం పట్టీది ఇవ్వండి" అందిట. షాపువాడు నీలంగా ఉన్నదాన్నే తీసి ఇచ్చాడు. పదిహేను చుక్కలు, ఎప్పుడూ వేసినట్టే వేసింది. పిల్ల నిద్రపోయింది. లేవలేదు. ఇంకో ఇద్దరు పిల్లలు ఆస్పత్రిలో ఉన్నారు.

కంపెనీవాళ్లు వచ్చి మా టేబులు మీద రెండు పెట్టెలూ పక్కపక్కనే పెట్టారు. మేనేజరే పోల్చుకోలేకపోయాడు. మచ్చు మీద సంతకం బల్బు కింద చూసి పెట్టారుట. నంబరు చూడమన్నారు. ఇంకు కలిపిందెవరని అడిగారు. మా దగ్గర మిగిలిన పాత ఊదా ముక్కని నేను ముందే చింపేశాను కాబట్టి 526 తప్పు నంబరని చెప్పే ఆధారం ప్రెస్సులో లేదు. నంబరు సరే, కలపడంలోనే తేడా వచ్చిందన్నారు. రంగుల తాత నా వైపు చూశాడు. ఒక్కసారే. "ముసలి కళ్లు బాబూ. తప్పు కలిపానేమో" అన్నాడు. పోలీసులు తీసుకెళ్లారు. ముప్పయ్యో తేదీన కేసు విచారణకి వస్తుంది.

నాకు నిద్ర లేదు. కాని ఆలోచించు. ఆయన ముసలివాడు, వెనక ఏడ్చేవాళ్లు లేరు. ఏడాదిలో వదిలేస్తారంటున్నారు. నేను నోరు విప్పితే నువ్వూ అమ్మా వీధిన పడతారు. నా కళ్లూ పోయాయి, ఇంక ఏ పనికి పోను? ఆ పిల్ల ఎలాగూ తిరిగి రాదు. తాత తనంతట తానే ఒప్పుకున్నాడు, నేనేం ఆయన మీద చెప్పలేదు.

నీ దగ్గరున్న ముక్కలన్నీ కాల్చెయ్. పెట్టె ముక్కలూ, మచ్చు ముక్కలూ, నా ఉత్తరాలూ. నీవి నువ్వు చెప్పినట్టే ఎప్పటికప్పుడు కాల్చేశాను. మనిద్దరి మధ్య ఏమీ మిగలకూడదు.

పోయినసారి వణికిన అక్షరాలు ఈసారి గీత మీద నిలబడ్డాయి, చూసి కాస్త ఊరట కలిగింది. చేతి కట్టు విప్పేశారా? నొప్పి తగ్గిందా? బరువులు ఎత్తకు.

నీ
గుడ్డి డేగ

*

ఇరవై నాలుగో తేదీ

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం నిన్న పొద్దున్న అందింది. చదివాను. మళ్లీ మొదటినించి చదివాను. మూడోసారి చదువుతుంటే చివరి నాలుగు గీతల దగ్గర నా కళ్లు ఆగిపోయాయి.

చేతి కట్టు విప్పేశారా అని అడిగారు.

పోయిన నెల ఇరవై మూడో తేదీన మీ ఉత్తరంలో తాతగారి మాట చదివి, నేను కిటికీ దగ్గరికి పరిగెత్తినప్పుడు ఆ రెక్క బిగుసుకుపోయి ఉంది. గట్టిగా తోశాను. పగిలిన అద్దం మణికట్టులో దిగింది. ఆరు కుట్లు పడ్డాయి. ఆ చేత్తోనే, కట్టుతోనే ఆ పూటే మీకు రాశాను. అక్షరాలు మామూలుకన్నా వంకరగా ఉంటే చేతికి దెబ్బ తగిలిందని, సర్దుకు చదువుకోమని మొదటి గీతలోనే రాశాను. ఆ సంగతి ఇంకెప్పుడూ రాయలేదు. నాలుగో తేదీ ఉత్తరంలో లేదు. అత్తయ్యకి రాయడం రాదు, ఆవిడ తరఫున రాసేదాన్ని నేనే. మనింటినించి మీకు ఇంకెవరూ రాయరు.

అందని ఉత్తరంలో ఉన్న దెబ్బ మీకెలా తెలిసింది?

ఇరవై ఆరుకో ఇరవై ఏడుకో అది మీకు అందింది. అప్పటికి పెట్టెలు మీ కళ్లముందు గోదాములోనే ఉన్నాయి. లారీకి ఇంకా ఎనిమిది రోజులుంది. మీరు నా ఉత్తరం చదివి, నేను చెప్పినట్టే కాల్చేశారు. కాల్చమని రాసింది నేనే. ఎవరైనా నా రాత చూసి నవ్వుతారన్న సిగ్గుతో మొదలుపెట్టిన మాట అది. ఆ పిల్ల ప్రాణం ఆ మంటలో పోతుందని అనుకోలేదు.

మిమ్మల్ని ఒక్కరినే అనడం లేదు. బల్బు కింద చూసింది నేను. దాచింది నేను. ఫోను పట్టుకుని మేనేజరుగారు మూడుసార్లు అడిగినా నోరు విప్పనిది నేను. "రేపటి లారీ ఆపండి" అంటే మూడే మాటలు. అవి నా నోటినించి రాలేదు. మీరు పెట్టిన పేరుకి తగ్గట్టే ఉన్నాను. ఆ తల్లికి చదువు రాదు. నాకూ పెద్దగా రాదు. ఆవిడ రంగుని నమ్మింది. ఆ రంగు చెప్పింది నేను.

నిన్న మధ్యాహ్నం అత్తయ్యకి అంతా చెప్పాను. మీ కళ్ల సంగతి, ముక్కల సంగతి, పిల్ల సంగతి. మీ ఉత్తరాలన్నీ రెండో పేజీలతో సహా చదివి వినిపించాను. ఆవిడ కిటికీ పక్క కుర్చీలోనే కూర్చుని విన్నారు. తేలు కుట్టిన దొంగలా ఇన్నాళ్లూ తిరిగానని నన్ను తిడతారనుకున్నాను.

"ఆ వేళ నేను ఆ మాట అనకపోతే నువ్వు ఇక్కడే చూసేదానివి కదే" అన్నారు.

కాదనలేను కదా.

"ఆ ముసలాయనకి ఎవరూ లేరని రాశాడు కదూ వీడు? ఎవరూ లేనివాణ్ని చూసి మరీ తోశాడన్నమాట. నా కడుపున పుట్టినవాడే." ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుని లేచారు. "పెట్టె సర్దు. ఏ బస్సో కనుక్కో."

మీరు కాల్చమన్నవి నేను కాల్చలేదు. ఒక్కటి కూడా. రంగులంటే నాకు ఇష్టమని, ముక్కలన్నీ గోధుమపిండి డబ్బాలో దాచుకున్నాను. పాత పెట్టె మీది ఊదా ముక్క ఉంది. మీరు ప్రెస్సులో చింపేసిన దానికి జోడీ అది. 526 మచ్చు ఉంది, దాని వెనక నంబరు మీ చేతిరాతలో ఉంది. నీలం పట్టీ ఉంది. ఎవరు చూసినా, పగటి వెలుతురులో ఆ మూడూ పక్కపక్కన పెడితే చాలు, తాతగారు కలపడంలో తప్పు లేదని తెలుస్తుంది. మీ ఉత్తరాలూ ఉన్నాయి. గడపలో నిలబడి ఆయన అన్న మాట మీరే రాశారు.

ముప్పయ్యో తేదీకి అత్తయ్యా నేనూ అక్కడికి వస్తున్నాం. ఇది మీకు ఇరవై ఏడున అందుతుంది. మధ్యలో రెండు రోజులుంటాయి. మేం వచ్చేలోగా మీరే వెళ్లి చెప్పండి. మీరు చెబితే, వచ్చి మీ పక్కన నిలబడతాను, నా తప్పు నేను ఒప్పుకుంటాను, ఎన్నేళ్లు పడినా ఎదురుచూస్తాను. మీ కళ్లకి నా కళ్లు ఎప్పటికీ ఉంటాయి. మీరు చెప్పకపోతే, మీకు ఎదురుగా నిలబడతాను. పదిమందిలో మాట్లాడటం నాకు రాదు. గొంతు పెగలకపోతే ముక్కలు బల్ల మీద పరుస్తాను. అవి మాట్లాడతాయి. కాని పెగులుతుందనే అనుకుంటున్నాను. నిన్న కొట్టుకి వెళ్లి, ఆ పిల్ల తల్లి ఎక్కడ ఇస్త్రీ చేస్తుందో కనుక్కోవడానికి ప్రెస్సుకి ఫోను చేశాను. మేనేజరుగారు "ఎవరండీ?" అన్నారు. మీ భార్యనని చెప్పాను.

ఇప్పుడు వీధి కిటికీ దగ్గర కూర్చుని రాస్తున్నాను. పట్టపగలు. దారినపోయేవాళ్లు చూస్తున్నారు, చూడనీండి. చేతి మీద కుట్ల గీత ఉంది, నొప్పి లేదు. అడిగారు కనుక చెబుతున్నాను. రాతలో తప్పులుంటే ఉండనీండి.

ఈ ఉత్తరం కాల్చకండి.

మీ
భార్య